పిచ్చుకకాలు

ఫారంలో ఏడో గడి దగ్గర ఆగిపోయాను.
ఈ గుర్తును ఎప్పటి నుంచి వాడుతున్నారు?
తేదీ, నెల, సంవత్సరం.

నర్సాపురం బస్టాండు పక్క నెట్ సెంటర్లో
చినవీర్రాజు కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని చూస్తున్నాడు.
"ఏదో ఒకటి చెప్పండక్కా, లేదంటే
ఇంకా వాడలేదని కొట్టేస్తానండి, ఆయ్."

ఎప్పటి నుంచి?

మా మామ్మ సువార్తమ్మకి సంతకం రాదు.
గొడుగు కమ్మీ అరగదీసిన సూదితో
దీపం లేకుండా, వేళ్ళతో కన్నులు లెక్కపెట్టుకుంటూ
మంచమంత దుప్పటి అల్లేసేది.
ఏజెంటు ఒక శనివారం దారం తూచి ఇచ్చి
ఇంకో శనివారం లేసు తూచి తీసుకునేవాడు.
తరుగు కూలిలో కోసేవాడు.
పదకొండిళ్ళ ముక్కలు ఒకే గోతంలో పడితే
ఎవరిది ఎవరిదో తేలక
ఎవరికీ పూర్తిగా ముట్టేది కాదు.

అందుకని మూలన, మరీ మూలన
మూడు గొలుసులు తిప్పి ఒక ముడి వేసేది మామ్మ.
బురదలో పిచ్చుక వాలి లేచిపోయినట్టు.
వజ్రమ్మ వాళ్ళమ్మది జీడిగింజ.
రేవు దగ్గర మంగాయమ్మ గారిది ఉత్త రెండు చుక్కలు,
ఆవిడకి ఓపిక తక్కువ.

లెక్క తేలాక, ఉతుక్కి వెయ్యకముందు
ఏజెంటు గుమస్తా కత్తెర తీసి
టక్ టక్ మని అన్నీ తుంచేసేవాడు.
ఓడెక్కి వెళ్ళిన బల్లగుడ్డల మీద
ఎవ్వరూ లేరు.

కిందటేడు నేను ఆన్‌లైన్లో పెట్టాను.
ఆరు గుండ్రాలు, ఒక టీవీ గుడ్డ,
మా డాబా మీద పొద్దుటెండలో తీసిన ఫోటోలు.
బ్రాండు అన్న చోట ఏం రాసినా ఎర్రగీత పడింది.
చివరికి అదే రాసుకుంది: జెనరిక్.
అంటే ఏంటని మందుల షాపులో అడిగాను.
"పేరు లేని బిళ్ళమ్మా, పని మటుకు చేస్తుంది."

పదిహేను రోజులు తిరక్కుండా
నా ఫోటో పెట్టి ఇంకెవడో మిషను లేసు అమ్ముతున్నాడు,
సగం ధరకి.
నా డాబా, నా ఎండ,
అంచున ఆరేసిన మా నాన్న గళ్ళలుంగీ కొస కూడా.
ఫిర్యాదు చేస్తే జవాబొచ్చింది:
మీ ట్రేడ్‌మార్కు నంబరు తెలుపగలరు.

అందుకే చీటీ పాడి, నాలుగు వేల అయిదొందలు
కొంగున ముడేసుకుని ఇక్కడ కూర్చున్నాను.
తరగతి ఇరవయ్యారు: లేసులు, రిబ్బన్లు, బొత్తాలు, సూదులు,
కాగితప్పూలు కూడా అందులోనే అట.
తెల్లకాగితం మీద మూడు గీతలు గీసిచ్చాను.
"బాణం గుర్తాండీ?"
కాదు. కాలు.

యజమాని పేరుకి ఒకటే గడి.
కొల్లాబత్తుల ఎస్తేరు రాణి అని కొట్టాడు.
మిగతా పదిళ్ళూ ఎక్కడ పడతాయో నేనడగలేదు,
అతను చెప్పలేదు.

ఏడో గడికి రుజువులు కావాలట, బిల్లులు, రసీదులు.
రుజువులన్నీ గుమస్తా కాళ్ళ కింద
ఎప్పుడో చీపురుకి పోయాయి.
"వాడబోతున్నాం," అన్నాను.
మామ్మ నా వెనక ఎక్కడో
ఫక్కున నవ్వినట్టయింది.

నంబరు వచ్చింది. పక్కన పరిశీలనలో ఉన్నదని రాసుంది,
అది ఎన్నాళ్ళో వీర్రాజుకీ తెలీదు.

"మీ మామ్మ ముడికి గవర్నమెంటోళ్ళు నంబరిచ్చారంటగా,
మరి మాయమ్మదో?" అంది వజ్రమ్మ,
నవ్వుతూనే.
నా దగ్గర జవాబు లేదు.
ఇంకో నాలుగు వేల అయిదొందలూ లేవు.

నిన్న ఆర్డరుకి ఎనిమిది గుండ్రాలు అల్లి తెచ్చింది.
ముసురుకి దారం కాస్త మెత్తబడింది.
తిరగేసి చూశాను.
ఒక్కోదాని మూలనా, మరీ మూలన,
జీడిగింజ.

స్టూలు మీద కత్తెర ఉంది.
తను దాన్నే చూస్తోంది.

అట్ట మీద పిచ్చుకకాలు అచ్చు అంటించి
కవరు మూసేశాను.
సాయంత్రం వ్యాను కుర్రాడొచ్చి,
తూచి, తీసుకుపోయాడు.